ఉత్తర సాగర పథికుడు - పిథియాస్

మధ్యధరా సముద్రపు ఉత్తర తీరాన, ఫ్రాన్స్ దేశంలో, మార్సెయ్ అనే ప్రసిద్ధమైన రేవుపట్టణం ఉంది. ఆ నగరంలోని వాణిజ్య భవనం ముఖభాగాన ఇద్దరు ప్రాచీన నావికుల శిలావిగ్రహాలు కనిపిస్తాయి. వారిలో ఒకడు పిథియాస్. అతడు రచించిన గ్రంథంలో ఒక్క పుట కూడా నేడు మిగిలి లేదు. అతని తరువాత వచ్చిన మహాపండితులలో కొందరు అతనిని అసత్యవాది అని నిందించారు. అయినప్పటికీ ఇరవై మూడు శతాబ్దాల అనంతరం కూడా భూగోళ శాస్త్ర చరిత్రలో అతని పేరు నిలిచి ఉంది. నింద పోయి కీర్తి ఎట్లా మిగిలిందో తెలిపేదే పిథియాస్ జీవితగాథ.

క్రీ.పూ. 600 ప్రాంతంలో ఆసియా మైనరులోని ఫోకయా నగరం నుండి వలస వచ్చిన గ్రీకులు ఈ రేవును స్థాపించి, దానికి మస్సాలియా అని పేరు పెట్టారు. సముద్రమే ఆ నగరానికి జీవనాధారం. ద్రాక్షాసవం, మట్టిపాత్రలు మొదలైన సరుకులు అక్కడి నుండి ఉత్తర దేశాలకు వెళ్లేవి. అటునుండి తగరం, అంబరు వచ్చేవి. రాగిలో తగరం కలిపితేనే కంచు తయారవుతుంది. కనుక తగరం ఆ కాలంలో ఎంతో విలువైన లోహం. ప్రాచీన వృక్షాల జిగురు యుగయుగాలుగా గట్టిపడి పసుపువన్నె రాయివలె మారినదే అంబరు. ఆభరణాలకు దానిని మించిన వస్తువు లేదని గ్రీకులు భావించేవారు. ఈ రెండూ ఎక్కడ పుడుతున్నాయో మాత్రం మస్సాలియా వర్తకులు ఎరుగరు. సరుకు ఎన్నో చేతులు మారి వారి వాకిటికి చేరేది. దాని పుట్టినిల్లు మాత్రం పొగమంచు వెనుక దాగిన రహస్యంగానే ఉండేది.

పిథియాస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ నగరంలో జీవించాడు. అతడు కేవలం నావికుడు కాడు, గణితం తెలిసిన ఖగోళ పరిశీలకుడు. నేలపై నిట్టనిలువుగా శంకువును నిలిపి, మధ్యాహ్నవేళ దాని నీడను కొలిచి, ఆ ప్రదేశం భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉన్నదో లెక్కించే పద్ధతి అతనికి కరతలామలకం. వేసవిలో పగలు అత్యంత దీర్ఘంగా ఉండే దినాన అతడు మస్సాలియాలో ఈ పరిశీలన జరిపాడు. శంకువు ఎత్తును 120 భాగాలుగా తీసుకుంటే నీడ పొడవు 41⅘ భాగాలుగా తేలింది. ఆ నిష్పత్తిని నేటి గణితంతో లెక్కిస్తే ఆ నగర అక్షాంశం సుమారు 43 డిగ్రీలు వస్తుంది. ఆధునిక సాధనాలతో కొలిచిన మార్సెయ్ అక్షాంశం 43 డిగ్రీల 18 నిమిషాలు. ఒక కర్ర, ఒక నీడ తప్ప మరే ఉపకరణమూ లేని కాలంలో సాధించిన ఖచ్చితత్వమిది.

ఆకాశాన్ని కూడా అతడు అంతే శ్రద్ధతో పరిశీలించాడు. ఉత్తర ధ్రువ బిందువు వద్ద ఒక నక్షత్రం ఉన్నదని నాటి గ్రీకులు నమ్మేవారు. అక్కడ నక్షత్రమేదీ లేదనీ, ఆ శూన్యస్థానం సమీపంలోని మూడు నక్షత్రాలతో కలిసి ఒక చతుర్భుజాన్ని ఏర్పరుస్తుందనీ పిథియాస్ తెలియజేశాడు. భూమి అక్షం అతి మందగతిన దిశ మార్చుకుంటూ ఉంటుంది. కాబట్టి నేడు మనం చూసే ధ్రువనక్షత్రం ఆ కాలంలో ధ్రువ బిందువుకు దూరంగా ఉండేది. అందరూ నమ్మినదానిని కాక కంటికి కనిపించినదానిని చెప్పడం అతని స్వభావమని ఈ ఒక్క విషయమే చాటుతున్నది.

క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సైన్యం పంజాబులోని బియాస్ నదిని చేరి, ముందుకు సాగలేక వెనుదిరిగింది. ఇంచుమించు అదే కాలంలో పిథియాస్ ఉత్తర దిశగా ప్రయాణమైనాడు. అలెగ్జాండరు వెంట వేలాది సైనికులు ఉన్నారు. పిథియాస్ రాజాశ్రయం లేని సామాన్య పౌరుడు, ధనహీనుడు. తరువాతి కాలంలో అతని విమర్శకులు ఎత్తిచూపిన లోపమే ఇది. అతడు వెళ్లిన మార్గం గురించి రెండు అభిప్రాయాలున్నాయి. జిబ్రాల్టర్ జలసంధి దాటి, స్పెయిన్ దేశాన్ని చుట్టి, అట్లాంటిక్ మహాసముద్రంలో ప్రవేశించాడని కొందరు అంటారు. ఆ జలసంధిపై నాడు కార్తేజ్ నగరవాసుల అధికారం బలంగా ఉండేది. కనుక ఫ్రాన్స్ దేశపు నదుల వెంబడి పడమటి తీరానికి చేరి, అక్కడ స్థానికుల నావ ఎక్కి ఉంటాడని మరికొందరు భావిస్తారు.

అట్లాంటిక్ తీరం వెంబడి సాగి బ్రిటనీ ద్వీపకల్పాన్ని దాటిన తరువాత పిథియాస్ బ్రిటన్ దీవి నైరుతి కొసను చేరాడు. నేడు కార్న్‌వాల్ అని పిలిచే ఆ ప్రాంతమే మస్సాలియా వర్తకులకు అంతుపట్టని తగరపు నేల. అక్కడి ప్రజలు రాతిపొరల నుండి ఖనిజాన్ని తవ్వి, కరిగించి, దిమ్మెలుగా పోసేవారు. సముద్రం వెనుకకు తగ్గినపుడు నేల బయటపడి ప్రధాన భూమితో కలిసే ఒక చిన్న దీవికి ఆ దిమ్మెలను బండ్లమీద చేరవేసేవారు. అక్కడి నుండి వర్తకులు వాటిని సముద్రం దాటించి, గుర్రాలపై సుమారు ముప్పై దినాలు నడిచి రోన్ నదీముఖానికి తెచ్చేవారు. ఈ వివరాలన్నీ డయోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుని గ్రంథంలో ఉన్నాయి. వీటికి మూలం పిథియాస్ రచనయే అని పండితులు భావిస్తున్నారు.

బ్రిటన్ దీవిలో పిథియాస్ కాలినడకన కూడా సంచరించాడు. ఆ దీవి ముక్కోణాకారంలో ఉన్నదనీ, దాని మూడు భుజాలు అసమానమైనవనీ గ్రహించాడు. తీరం చుట్టుకొలత 40,000 స్టేడియాలకు మించి ఉంటుందని చెప్పాడు. స్టేడియా అనేది గ్రీకుల దూరమానం. ఈ సంఖ్య ఎంతవరకు సరైనదో చెప్పడం కష్టం. కాని దీవి ఆకృతిని గురించి అతడిచ్చిన వర్ణన మాత్రం సరైనది. తరువాత దాదాపు రెండున్నర శతాబ్దాలకు గాని, అంటే క్రీ.పూ. 55లో గాని, జూలియస్ సీజర్ సేనలు బ్రిటన్ తీరంలో కాలుమోపలేదు.

మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు నామమాత్రంగా ఉంటాయి. అటువంటి సముద్రం ఒడ్డున పెరిగిన పిథియాస్‌కు బ్రిటన్ తీరంలో నీరు ఎన్నో నిలువుల ఎత్తు లేవడం, మళ్ళీ మైళ్ళకొద్దీ వెనుకకు పోవడం ఆశ్చర్యం కలిగించింది. అయితే అతడు ఆశ్చర్యంతో ఆగిపోలేదు. సముద్రపు పోటుకూ చంద్రుని వృద్ధిక్షయాలకూ సంబంధం ఉన్నదని గ్రహించాడు. ఈ సంబంధాన్ని గుర్తించిన తొలి గ్రీకులలో అతడు ఒకడు.

ఉత్తరంగా పోయినకొద్దీ వేసవిలో పగలు పొడవవుతూ, రాత్రి కుంచించుకొని పోసాగింది. తెలుగునేలపై సంవత్సరం మొత్తంలో సుదీర్ఘమైన పగలు సుమారు పదమూడు గంటలే ఉంటుంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది గంటల పగలు గల ఉత్తర ప్రదేశాలను గురించి హిప్పార్కస్ తన గ్రంథంలో ప్రస్తావించాడు. వాటికి ఆధారం పిథియాస్ పరిశీలనలేనని పండితుల అభిప్రాయం. పదహారు గంటల పగలు బ్రిటనీ ప్రాంతానికీ, పద్దెనిమిది గంటల పగలు స్కాట్లాండు ఉత్తర భాగానికీ, పందొమ్మిది గంటల పగలు షెట్లాండ్ దీవులకూ సరిపోతుంది. ఈ విధంగా పగటి నిడివియే అతని ప్రయాణానికి మైలురాళ్ళుగా నిలిచింది.

బ్రిటన్‌కు ఉత్తరంగా ఆరు దినాల నౌకాప్రయాణం తరువాత ఒక భూభాగం ఉన్నదని పిథియాస్ తెలియజేశాడు. దాని పేరు థూలే. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించీ అస్తమించకముందే తిరిగి ఉదయిస్తాడు. ఉత్తరదేశంలో కొన్నిచోట్ల రాత్రి రెండు గంటలు, మరికొన్ని చోట్ల మూడు గంటలు మాత్రమే ఉంటుందని అతడు వ్రాశాడు. సూర్యుడు ఎక్కడ విశ్రమించేదీ అక్కడి ప్రజలు తనకు చూపించారని కూడా చెప్పాడు. ఆ చలిసీమలో పంటలు అంతంతమాత్రమనీ, ప్రజలు ధాన్యంతోపాటు ఆకులు, దుంపలు, పండ్లు తిని జీవిస్తారనీ వివరించాడు. ధాన్యం, తేనె లభించేచోట వాటితో పానీయం చేసుకుంటారని వర్ణించాడు. ఎండ తక్కువ, వాన ఎక్కువ కావడంచేత ఆరుబయట కళ్లాలలో కాక పెద్ద పెద్ద కొట్టాలలో పంట నూర్చుకుంటారని కూడా వ్రాశాడు. ఎండలో కళ్లం చేసే దేశం నుండి వెళ్లినవాడు కాబట్టే ఈ తేడా అతని కంటబడింది. రైతు కష్టాన్ని ఇంత దగ్గరగా గమనించినవాడు ఊహాలోకాన్ని అల్లుతున్నాడని అనుకోవడం కష్టం.

థూలేకు ఒక్క దినపు ప్రయాణ దూరంలో సముద్రం గడ్డకట్టి ఉంటుందని పిథియాస్ పేర్కొన్నాడు. ఆ ప్రాంతంలో భూమి, నీరు, గాలి విడివిడిగా ఉండక ఒకదానిలో ఒకటి కలిసిపోయి జెల్లీచేప వంటి పదార్థంగా మారుతాయనీ, దానిమీద నడవడం గాని నావ నడపడం గాని సాధ్యం కాదనీ తెలిపాడు. ఆ జెల్లీచేప వంటి పదార్థాన్ని తాను స్వయంగా చూశాననీ, మిగిలిన విషయాలు ఇతరుల వలన విన్నాననీ అతడు స్పష్టంగా వేరుచేసి చెప్పాడు. కన్నది ఏదో, విన్నది ఏదో విడదీసి చెప్పడం నిజాయితీగల పరిశోధకుని మొదటి లక్షణం.

పిథియాస్ అంబరు పుట్టిన చోటును గురించి కూడా సమాచారం సేకరించాడు. ఉత్తర తీరానికి ఒక దినపు ప్రయాణ దూరంలోని ఒక దీవి ఒడ్డుకు వసంతకాలంలో అలలు అంబరును చేరవేస్తాయనీ, అక్కడివారు దానిని వంటచెరకుగా వాడుకుంటారనీ, పొరుగు జాతివారికి అమ్ముకుంటారనీ చెప్పాడు. మస్సాలియాలో ఆభరణమైనది అక్కడ పొయ్యిలో పుల్ల! స్వదేశానికి తిరిగి వచ్చి పిథియాస్ మహాసముద్రాన్ని గురించి ఒక గ్రంథం రచించాడు.

ఆ గ్రంథానికి మొదట కొంత ఆదరణ లభించింది. భూమి చుట్టుకొలతను లెక్కించిన ఎరటోస్తనీస్, నక్షత్రాల పట్టికను రూపొందించిన హిప్పార్కస్ వంటి శాస్త్రవేత్తలు పిథియాస్ కొలతలను స్వీకరించారు. కాని క్రీ.పూ. 2వ శతాబ్దంలో జీవించిన చరిత్రకారుడు పాలిబియస్ అతనిని ఎద్దేవా చేశాడు. ధనంలేని ఒక సామాన్యుడు అంత దూరం ఎట్లా పోగలడన్నది అతని ప్రశ్న. బ్రిటన్ గురించి రోమను సేనాని సిపియో అడిగినపుడు మస్సాలియావాసులు చెప్పుకోదగిన సమాధానమేదీ ఇవ్వలేకపోయారని కూడా అతడు ఎత్తిచూపాడు. తరువాత స్ట్రాబో అనే భూగోళ శాస్త్రజ్ఞుడు మరింత తీవ్రంగా దాడిచేశాడు. పిథియాస్‌ను మించిన అబద్ధాలకోరు లేడని నిర్ణయించాడు. గణితం, ఖగోళం తెలిసినవాడని మాత్రం అన్యమనస్కంగా ఒప్పుకున్నాడు.

ఈ అపనమ్మకానికి కారణం వ్యక్తిగత ద్వేషం కాదు. భూమిపై మానవులు నివసించగల ప్రాంతం ఐర్లండుతో ముగుస్తుందనీ, ఆ పైన చలికి ప్రాణి బ్రతకదనీ స్ట్రాబో దృఢంగా నమ్మాడు. థూలే అతని లెక్కలో ఇమడలేదు. లెక్కను సరిదిద్దుకోవడానికి బదులు అతడు సాక్షిని తప్పుపట్టాడు. ఇందులో ఒక విచిత్రమున్నది. స్ట్రాబో తన రచనలో ఐర్లండును బ్రిటన్‌కు ఉత్తరాన ఉంచాడు. వాస్తవానికి అది పడమట ఉన్నది. ఉత్తర సముద్రాలను చూడని పండితుడు ఆ సముద్రాలను చూసి వచ్చిన నావికుని తప్పులు లెక్కించాడు!

కాలక్రమంలో పిథియాస్ గ్రంథం నశించిపోయింది. స్ట్రాబో గ్రంథం మాత్రం నిలిచింది. ఖండించడం కోసం స్ట్రాబో ఉదాహరించిన వాక్యాలే నేడు పిథియాస్ మాటలకు ముఖ్యమైన ఆధారం. రోమను పండితుడు ప్లినీ, ఖగోళ రచయిత జెమినస్ మొదలైనవారు అక్కడక్కడా పేర్కొన్న విషయాలు తక్కినవి. నిందించినవాని చేతిలోనే సత్యం భద్రపడడం చరిత్రలోని చమత్కారం.

మరి థూలే ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్న పండితులను రెండువేల సంవత్సరాలకు పైగా వేధించింది. క్రీ.శ. 84 ప్రాంతంలో రోమను సేనాని అగ్రికోలా నౌకాదళం బ్రిటన్ ఉత్తర కొసను చుట్టి, దూరాన కనిపించిన నేలను థూలేగా భావించింది. అవి షెట్లాండ్ దీవులు కావచ్చు. కృష్ణాతీర ప్రాంతాన్ని మైసోలియా అనే పేరుతో తన భూగోళ గ్రంథంలో నమోదు చేసిన టాలమీ, అదే గ్రంథంలో థూలేను 63 డిగ్రీల అక్షాంశం వద్ద చూపాడు. అయితే షెట్లాండ్ దీవులలో వేసవి రాత్రి సుమారు ఐదు గంటలు ఉంటుంది. బ్రిటన్ నుండి ఆరు దినాలు ప్రయాణించవలసినంత దూరంలో అవి లేవు. అందువల్ల ఈ వాదం పిథియాస్ మాటలతో పొసగదు.

క్రీ.శ. 825లో డికుయిల్ అనే ఐరిష్ సన్యాసి థూలే అంటే ఐస్‌లాండే అని వ్రాశాడు. అంతకు ముప్పై సంవత్సరాల క్రితం అక్కడ ఆరునెలలు గడిపి వచ్చిన సన్యాసులు అతనికి ఆ దేశపు వేసవి రాత్రులను వర్ణించారు. సూర్యుడు ఒక చిన్న గుట్ట చాటుకు పోయినట్లు మాత్రమే మరుగవుతాడనీ, అర్ధరాత్రి సైతం పనులు చేసుకోవడానికి వెలుగు చాలుతుందనీ, అక్కడికి ఒక దినపు దూరంలో సముద్రం గడ్డకట్టి ఉంటుందనీ వారు చెప్పారు. ఇవన్నీ పిథియాస్ మాటలకు సరిపోయాయి. కాని ఒక చిక్కున్నది. పిథియాస్ కాలంలో ఐస్‌లాండులో మనుషులు నివసించినట్లు పురావస్తు ఆధారాలు లేవు. జనమే లేని నేలపై ధాన్యం నూర్చినదెవరు? తేనె పానీయం కాచినదెవరు?

ఈ ప్రశ్నకు 20వ శతాబ్దంలో నార్వే దేశీయుడైన ఫ్రిట్జాఫ్ నాన్సెన్ సమాధానం వెదికాడు. 1888లో గ్రీన్‌లాండ్ మంచుపీఠాన్ని దాటినవాడు, 1893 నుండి 1896 వరకు ఉత్తర ధ్రువ సముద్రంలో సాహసయాత్ర చేసినవాడు, 1922లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవాడు నాన్సెన్. ఉత్తర సముద్రయాత్రల చరిత్రపై 1911లో వెలువడిన తన గ్రంథంలో అతడు పిథియాస్ మాటలను పరిశీలించాడు. జనం, పంటలు, తేనె, రెండు మూడు గంటల రాత్రి, ఇవన్నీ కలిసి ఉన్న నేల నార్వే పడమటి తీరమే అని నిర్ణయించాడు. పండితులకు అసంబద్ధంగా తోచిన జెల్లీచేప పోలికను కూడా అతడు అర్థం చేసుకున్నాడు. మంచుపలకల అంచున అలల తాకిడికి నుజ్జయిన మంచు నీటిపై చిక్కని గుజ్జువలె తేలుతుంది. దానిపై పొగమంచు కమ్మితే నీరేదో గాలియేదో తెలియదు. ఆ మంచులో మూడేళ్ళు గడిపినవానికి ఆ పోలికలోని సత్యం బోధపడింది.

చర్చ అంతటితో ముగియలేదు. ఎస్టోనియా రచయిత లెన్నార్ట్ మెరీ 1976లో థూలే తమ దేశపు సారెమా దీవి అని వాదించాడు. 2010లో బెర్లిన్ పరిశోధకులు టాలమీ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలలోని దోషాలను గణితంతో సవరించి, అతని థూలే నార్వే తీరంలోని స్మోలా దీవి అని ప్రకటించారు. ఐస్‌లాండ్ పక్షం వహించేవారు కూడా లేకపోలేదు. అయినప్పటికీ జనజీవనాన్ని గురించిన వర్ణనలను బట్టి చూస్తే నార్వే వాదానికే బలం ఎక్కువ.

పిథియాస్ చెప్పినదంతా దోషరహితం కాదు. బ్రిటన్ పరిసరాలలో పోటు 80 మూరల ఎత్తు లేస్తుందని అతడు చెప్పినట్లు ప్లినీ వ్రాశాడు. అక్కడి అత్యధిక పోటు అందులో సగానికి కూడా రాదు. కాని అతని శంకుచ్ఛాయ తప్పలేదు, పగటి గంటలు తప్పలేదు, గడ్డకట్టిన సముద్రం అబద్ధం కాలేదు. 1879లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు క్లీవ్ తాను కనుగొన్న మూలకానికి థూలే పేరిట థూలియం అని నామకరణం చేశాడు. ఒకనాడు అబద్ధమని కొట్టివేసిన పేరు నేడు ఆవర్తన పట్టికలో 69వ గడిలో శాశ్వతంగా నిలిచింది.

అధికారం, ఐశ్వర్యం లేని ఒక వ్యక్తి తాను చూసినదానిని కొలిచి, కొలిచినదానిని వ్రాసి ఉంచాడు. లోకం నమ్మలేదు. నమ్మించడానికి అతడు బ్రతికి లేడు. కాని కొలత అతని పక్షాన సాక్ష్యం చెప్పింది. చూడనిదానిని లేదనడం సులభం. చూసినదానిని ఉన్నది ఉన్నట్లు చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యమే మస్సాలియా నావికుడు భావితరాలకు మిగిల్చిన సంపద.